సాత్ అఠ్ఠే ఛప్పన్

ఈ మధ్య చుట్టాల దావత్‌కి వెళ్ళినా, మహల్లాలో నాలుగడుగులు వేసినా నాకు ఎదురయ్యే సవాల్ ఒకటే. "భాయ్‌సాబ్, పిల్లోడు నాలుగో తరగతికి వచ్చాడు, ఇంకా పహాడే యాద్ కాలేదు. ఏడో ఎక్కం దగ్గరకొచ్చేసరికి జబాన్ అక్కడే ఆగిపోతోంది. ఏదైనా తరీఖా ఉంటే చెప్పండి."

నేను హిసాబ్ చెప్పే ఉస్తాద్‌ని కాను. పత్రికలో పనిచేసుకునేవాణ్ణి. కాకపోతే పాత సంగతులు తవ్వడం నాకు షౌఖ్. కాగితం అరుదుగా దొరికిన రోజుల్లో పిల్లలు 20 దాకా పహాడాలు, వాటి మీద ముప్పావు, ఒకటింపావు, ఒకటిన్నర, రెండున్నర పహాడాలు కూడా నోటికి ఎలా తెచ్చుకున్నారు? కర్ర భయంతోనేనా? చదువుతూ పోతే నాకు తేలింది ఇది. కర్ర ఉంది, నిజమే. కానీ కర్ర పక్కన ఒక పక్కా తరీఖా కూడా ఉంది. మనం పహాడాని ఉంచుకుని తరీఖాని పారేసుకున్నాం. ఎప్పుడు, ఎందుకు పారేసుకున్నామో చెప్పాలంటే కొంచెం తారీఖ్‌లోకి వెళ్ళాలి.

ముందు ఆ మాటల సంగతి. ఉర్దూ స్కూల్లో మేం చదివింది ఇలా: దో ఏకమ్ దో, దో దూనీ చార్, దో తియా ఛే, దో చౌకే ఆఠ్, దో పంజే దస్. ఇందులో రెండో సంఖ్య మామూలు రూపంలో ఉండదు. చార్ కాస్తా చౌకా అవుతుంది, ఛే ఛక్కా అవుతుంది, ఆఠ్ అఠ్ఠా అవుతుంది. మన పిల్లలు క్రికెట్ చూస్తూ చౌకా, ఛక్కా అని అరుస్తారే, అవే మాటలు. తెలుగు ఎక్కాల్లోనూ ఇదే ఏర్పాటు. రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు, ఆరార్లు ముప్పై ఆరు, ఏడేళ్ళు నలభై తొమ్మిది. ఏ సంఖ్యని ఎన్నిసార్లు వేస్తున్నామో ఆ మాట రూపమే చెవికి చెప్పేస్తుంది. మధ్యలో ఇంకో మాట అక్కర్లేదు.

ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. "సాత్ అఠ్ఠే ఛప్పన్" అనడానికి నోరు ఐదుసార్లు కదులుతుంది. "ఏడెనిమిదులు యాభై ఆరు" అంటే పదిసార్లు. "సెవెన్ ఇంటూ ఎయిట్ ఈజ్ ఈక్వల్ టు ఫిఫ్టీ సిక్స్" అని మన పిల్లలు ఇప్పుడు చదువుతున్నారే, దానికి పన్నెండు. మాట పొడుగైతే జహన్‌లో పట్టే సరుకు తగ్గుతుంది. 1980లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళ మీద ఇద్దరు పరిశోధకులు చేసిన పని దీని గురించే. వెల్ష్ అంకెల పేర్లు పలకడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి, వాళ్ళు వెల్ష్‌లో విన్నప్పుడు తక్కువ అంకెలు గుర్తుపెట్టుకోగలిగారు.

ఉర్దూకి ఒక కష్టం కూడా ఉంది, దాచడం ఎందుకు. నూరు దాకా ప్రతి సంఖ్యకీ వేరే పేరు. ఉంతాలీస్, ఉంచాస్, ఉన్‌సఠ్, ఉన్‌హత్తర్, ఉన్నాసీ, నవాసీ. ఈ గల్లీల్లో పెద్దవాళ్ళకే దారి తప్పుతుంది. తెలుగులో యాభై, ఆరు తెలిస్తే యాభై ఆరు తెలిసినట్టే. అంటే ఉర్దూ పిల్లాడు మొదట్లో ఎక్కువ కష్టపడి తర్వాత వేగంగా పరిగెత్తుతాడు, తెలుగు పిల్లాడికి మొదలు తేలిక. నాకు రెండూ వచ్చు. డిగ్రీ తెలుగులో చేశాను, రోజంతా తెలుగులోనే వార్తలు రాస్తాను. అయినా ఎవరైనా ఏడెనిమిదులు ఎంత అంటే నా నోట్లోకి ముందు వచ్చేది ఛప్పన్. యాభై ఆరు దాని వెనక తర్జుమా అయి వస్తుంది.

ఇక అసలు కథ. మాది ఆదోని. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లాలోనే ఉండేవి. ఆ బళ్ళారి గురించి ఒక గొప్ప కాగితం మిగిలింది. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఏం చెబుతున్నారో రాసి పంపమని కలెక్టర్లని అడిగాడు. చాలామంది అంకెలు పంపి చేతులు దులుపుకున్నారు. బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో బడి లోపలి సంగతులన్నీ రాశాడు. ఆయన తెలుగు నేర్చుకుని తెలుగు వ్యాకరణం రాసిన మనిషి, అందుకే చూడాల్సినవి చూశాడు.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో 235 కన్నడం, 226 తెలుగు, 23 మరాఠీ, 23 సంస్కృతం, 21 ఫార్సీ, 4 తమిళం, ఒక్కటి ఇంగ్లీషు. ఈ వరుసని నేను చాలాసార్లు చదువుకున్నాను. ఒకే జిల్లాలో ఏడు జబానుల చదువు నడిచింది.

బడి పొద్దున ఆరింటికి మొదలు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో ఇజ్జత్‌గా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేది. ఆఖరున వచ్చినవాడి గతి ఊహించుకోవచ్చు. అక్షరాలు ముందు ఇసుకలో వేలితో దిద్దించేవారు. కాస్త వచ్చిన పిల్లలు చిన్నపిల్లలకి చెప్పేవారు. ఈ పద్ధతినే ఆండ్రూ బెల్ అనే పాదిరి మద్రాసులో చూసి, 1797లో లండన్‌లో పుస్తకం వేస్తే, ఇంగ్లండ్‌లో దానికి మద్రాస్ సిస్టమ్ అని పేరొచ్చింది. మన వీధిబడి సరుకు ఓడెక్కి పోయి విలాయతీ మాల్ అయింది!

మనకి కావలసిన ముక్క ఇప్పుడు. ఎక్కాలూ, కూడికల పట్టీలూ, కొలతలూ, తూకాలూ బాగా నోటికి రావడానికి పిల్లల్ని రోజుకి రెండుసార్లు వరుసగా నిలబెట్టి, పెద్ద పిల్లాడు ఒకడు ముందు చెబుతుంటే అందరితో అనిపించేవారని క్యాంప్‌బెల్ రాశాడు. భిన్నాల మీద చాలా మెహనత్ పెట్టేవారనీ, ఆ భిన్నాలు పదుల్లో కాకుండా నాలుగుల్లో కిందికి దిగేవనీ చెప్పాడు. నాలుగో వంతు పావు, పావులో పావు వీసం, అలా ఇంకా కిందికి.

ఆ నాలుగు మాటల్లోనే తరీఖా అంతా ఉంది. రోజుకి రెండుసార్లు. నిలబడి. అందరూ కలిసి. గొంతెత్తి. ఏ పిల్లాడూ ఒంటరిగా మూల కూర్చుని పుస్తకం చూస్తూ బట్టీ కొట్టలేదు. తప్పు పలికినా పక్కవాడి గొంతు లాక్కుపోయేది. మన ఇళ్ళల్లో పిల్లాడు ఒక్కడే కూర్చుంటాడు, ఎదురుగా అమ్మీ నిలబడుతుంది, తప్పు వచ్చిన క్షణం పట్టుకుంటుంది. ఇది సబఖ్ కాదు, తఫ్తీష్.

క్యాంప్‌బెల్ ఊరికే పొగడలేదు. అర్థం తెలియని పద్యాలు పిల్లలు చిలకల్లా అప్పజెబుతున్నారని గట్టిగానే విమర్శించాడు. పద్యాల విషయంలో ఆయన మాట నిజం కావచ్చు. ఎక్కాలకి మాత్రం అది వర్తించదు, ఎందుకంటే బడి దాటిన మరుక్షణం ఆ ఎక్కం బజార్లో పనికొచ్చేది. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, మణుగుకి 8 వీశెలు, బారువకి 20 మణుగులు. పహాడాలు 12 దగ్గరా 16 దగ్గరా 20 దగ్గరా ఎందుకు ముఖ్యమయ్యాయో ఇప్పుడు తెలిసిందా?

భిన్నాల పహాడాలకి ఉర్దూలో ఉన్న పేర్లు వింటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. పౌనా అంటే ముప్పావు, సవాయా అంటే ఒకటింపావు, డ్యోఢా ఒకటిన్నర, అఢైయా రెండున్నర, హూంటా మూడున్నర, ఢోంచా నాలుగున్నర. మూడున్నర గజాల కపడా, గజం ఏడు అణాలు. సాత్ హూంటే సాఢే చౌబీస్, అంటే ఇరవై నాలుగున్నర అణాలు. రూపాయి తీసేస్తే ఎనిమిదిన్నర అణాలు. దుకాణదార్ గజంకర్ర మడిచే లోపు లెక్క తేలిపోయేది.

అన్నిటికన్నా ఎక్కువ అఢైయా ఎందుకు చదివించేవారో నాకు చాలాకాలం అంతు పట్టలేదు. దాని వెనక వ్యాపారుల గుర్ ఒకటి ఉంది. గుర్ అంటే ఇక్కడ లెక్కలో కిటుకు. 40 సేర్ల మణుగు నడిచే చోట, మణుగు ఎన్ని రూపాయలో రెండున్నర సేర్లు అన్ని అణాలు. 40ని 16తో భాగించి చూడండి, రెండున్నరే వస్తుంది. మణుగు 13 రూపాయలైతే రెండున్నర సేర్లకి 13 అణాలు, అంతే, కాగితం అక్కర్లేదు. అలాగే సేరుకి 16 ఛటాకులు కాబట్టి, రూపాయికి ఎన్ని సేర్లు వస్తే అణాకి అన్ని ఛటాకులు. మా వైపు మణుగుకి 8 వీశెలు కాబట్టి, మణుగు ఎన్ని రూపాయలో వీశె దానికి రెట్టింపు అణాలు. ఇవి రట్టా కాదు. ఎవరో బాగా ఆలోచించి, జనం నోటికి అందేలా మడిచిపెట్టిన హిసాబ్.

మా దాదా ఆదోని పత్తి మండీలో గుమాస్తా. నాకు తెలిసేసరికే ముసలివాడు. ఆయన మమ్మల్ని ఎప్పుడూ పహాడా మొదటి నుంచి అప్పజెప్పమనలేదు. అన్నం తింటుంటేనో, చెప్పులు వేసుకుంటుంటేనో ఉన్నట్టుండి విసిరేవాడు: "తేరా సత్తే?" ఇక్యానవే అని జవాబు రావాలి. పదమూడేళ్ళు తొంభై ఒకటి. తుంగభద్ర అవతల రాయచూరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. అక్కడ నిజాం హాలీ సిక్కా, ఇక్కడ కల్దార్ రూపాయి. 1950లో 7 హాలీ రూపాయలకి 6 ఇండియా రూపాయలని రేటు ఖరారైంది. అంటే 100 కల్దార్‌కి హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. హాలీ సిక్కా 1959లో పూర్తిగా చెల్లకుండా పోయింది. ఆ తొమ్మిదేళ్ళూ రెండు నాణేలూ జేబుల్లో కలిసి తిరిగిన కాలంలో ఏడో పహాడా రానివాడు మోసపోవాల్సిందే అనేవాడు దాదా. అప్పు పత్రం మీద వేలిముద్ర వేసే రైతుకైనా, వడ్డీ నోటితో కట్టుకోగలిగితే కొంత రక్షణ. పహాడా అప్పట్లో మార్కుల కోసం చదివే చీజ్ కాదు.

దఫ్తర్లలో ఉన్నవాళ్ళ సంగతీ ఇంతే. మొగలుల కాలం నుంచి, తర్వాత నిజాం రెవెన్యూ దఫ్తర్లలో కూడా, జమాబందీ లెక్కలు రాసింది సియాఖ్ అనే లిపిలో. మనవాళ్ళు రఖమ్ అనేవారు. అరబ్బీ సంఖ్యల పేర్లని కుదించి గీతలుగా మార్చిన రాత అది. ఒకట్ల స్థానం, పదుల స్థానం అనేవి అందులో ఉండవు, కాబట్టి కాగితం మీద అంకె కింద అంకె వేసి గుణించడం కుదరదు. రాత రికార్డు కోసం, గుణకారం తలలో. మున్షీ ఎంత పెద్దవాడైనా పహాడా నోటికి రావాల్సిందే. అదలా ఉంచితే, ఇక్కడ నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. తెలుగులో జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అన్నీ మన అరబ్బీ-ఫార్సీ దఫ్తర్ నుంచి వచ్చిన మాటలు. ఉర్దూలో ఏకమ్, దూనీ, తియా అన్నీ సంస్కృతం, ప్రాకృతం ఇంటివి. హిసాబ్ దగ్గర ఇచ్చిపుచ్చుకోవడాలు అలా జరిగాయి.

ఉర్దూలో గుణకారానికి జర్బ్ అంటాం. అరబ్బీలో ఆ మాటకి కొట్టడం అని అర్థం. నాణెం మీద ముద్ర కొట్టడమూ జర్బే. నిజాం నాణేల మీద హైదరాబాద్ పేరుతో పాటు ఆ మాట చెక్కి ఉంటుంది. స్కూల్లో ఉస్తాద్ జర్బ్ అనగానే మేం చేతులు వెనక్కి దాచుకునేవాళ్ళం, ఎందుకో మీకు తెలుసు.

పిల్లలు వేళ్ళ మీద లెక్కపెడితే ఇప్పుడు చాలా బడుల్లో చిన్నచూపు. వెయ్యేళ్ళ కింద బగ్దాద్‌లో అలా లేదు. ఖ్వారిజ్మీ 9వ శతాబ్దంలోనే హిందూ అంకెల మీద పుస్తకం రాసినా, దఫ్తర్లలో పనిచేసే కాతిబ్‌లు చాలాకాలం వేళ్ళ మీద, తలలో లెక్క కట్టడానికే అలవాటు పడి ఉన్నారు. వాళ్ళ కోసమే అబుల్ వఫా బూజ్జానీ ఒక పుస్తకం రాశాడు. ఈయన 940లో ఖొరాసాన్‌లోని బూజ్జాన్‌లో పుట్టి, బగ్దాద్‌లో పేరు తెచ్చుకుని 998లో పోయాడు. గొప్ప రియాజీదాన్, చంద్రుడి మీద ఒక గోతికి ఆయన పేరే పెట్టారు. అంతటివాడు గుమాస్తాల కోసం, హిందూ అంకెలు ఒక్కటీ వాడకుండా, అన్నీ మాటల్లోనే హిసాబ్ పుస్తకం రాయడం నాకు చాలా నచ్చిన విషయం.

అందులో పదిలోపు సంఖ్యల గుణకారానికి ఒక దారి ఉంది. రెండు సంఖ్యలూ పదికి ఎంత తక్కువో చూడండి. ఏడు, ఎనిమిది తీసుకుందాం. ఏడు పదికి మూడు తక్కువ, ఎనిమిది రెండు తక్కువ. ఆ తక్కువలని గుణించండి, ఆరు. ఇప్పుడు ఏడూ ఎనిమిదీ కూడి పది తీసేయండి, ఐదు. అది పదుల లెక్క, అంటే యాభై. యాభై, ఆరు, ఛప్పన్. వేళ్ళ మీద ఇంకా సులువు. ఒక చేతిలో ఐదు పైన రెండు కాబట్టి రెండు వేళ్ళు ముడవండి, ఇంకో చేతిలో మూడు ముడవండి. ముడిచినవి మొత్తం ఐదు, అవి పదులు. తెరిచి ఉన్నవి ఇటు మూడు, అటు రెండు, వాటిని గుణిస్తే ఆరు. పిల్లాడికి ఇది చూపించండి, మొహం వెలిగిపోతుంది. ఆరు నుంచి పైన ఉన్న కష్టమైన ఎక్కాలన్నీ ఇలా తేలతాయి. ఐదో పహాడా దాకా వస్తే చాలు, మిగతాది చేతుల్లోనే ఉంది.

అబుల్ వఫా ఇంకో అడుగు వేశాడు. మూడు, ఐదు తీసుకున్నాడు. తక్కువలు ఏడు, ఐదు, వాటి గుణకారం ముప్పై ఐదు. మూడూ ఐదూ కూడితే ఎనిమిదే, అందులోంచి పది తీయాలంటే రెండు లోటు. ఆ లోటుకి ఆయన దైన్ అని పేరు పెట్టాడు, అంటే అప్పు. రెండు పదుల అప్పు ఇరవై. ముప్పై ఐదులోంచి అప్పు తీర్చేస్తే పదిహేను. మధ్యకాలపు అరబ్బీ హిసాబ్ పుస్తకాల్లో రుణసంఖ్య కనిపించే అరుదైన చోటు ఇది. ఆ ముచ్చట వచ్చింది ఎక్కాలు తేలిక చేసే ప్రయత్నంలో.

ఈ దునియా అంతా మన దగ్గర ఐదారేళ్ళలో మారిపోయింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలు. తూకాలకి 1956లో చట్టం వచ్చింది, 1958 నుంచి దశలవారీగా కిలోలు, మీటర్లు. 1964 జూన్‌లో పైసా ముందు నయా కూడా పోయింది. ఇది మంచి పనే, నాకు ఇందులో గిలా లేదు. ఊరికో వీశె, బస్తీకో సేరు ఉన్న చోట బీదవాడే ఎక్కువ నష్టపోయాడు. హూంటా, ఢోంచా పహాడాలు పోవాల్సినవే, పోయాయి. చారానా, ఆఠానా మాటలు నోటిలో మిగిలాయి. పావలా బిళ్ళ కూడా 2011 జూన్ 30తో చెల్లుబాటు పోగొట్టుకుంది.

కానీ దానితో పాటు పహాడాకీ బజారుకీ మధ్య ఉన్న తాడు తెగిపోయింది. పదులతో లెక్క ఎంత తేలికైందంటే గుర్లు అక్కర్లేకపోయాయి, దాదాలు విసిరే సవాళ్ళు తగ్గాయి, బడిలో రెండు పూటల వరుసలు టైమ్‌టేబుల్‌లో చోటు దొరక్క ఆగిపోయాయి. మిగిలింది ఏమిటి? నోట్‌బుక్ వెనక అట్ట మీద అచ్చేసిన ఎక్కాల పట్టీ. దాన్ని రేపటికి నేర్చుకు రమ్మనడం. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం బట్టీ చదువు తగ్గించమంది. అర్థం చేసుకుని చదవమనడం సరైనదే. అయితే కొన్ని బడుల్లో దాన్ని యాద్ చేయించడమే తప్పు అన్నట్టు తీసుకున్నారు, పరీక్షలో మాత్రం ఎక్కం రావాల్సిందే. చెప్పించడం లేదు, అడగడం ఉంది. ఆ భారం ఇంటి మీద, ఇంట్లో అమ్మీ మీద పడింది.

యాద్ చేయడం అంటే ఏమిటో మన ఇళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఖాన్‌దాన్‌లో ఒక్క హాఫిజ్ ఉన్నా, హిఫ్జ్ ఎలా నడుస్తుందో అందరూ చూసి ఉంటారు. దానికి మూడు భాగాలు. ఈరోజు కొత్తగా చదివేది సబఖ్. ఈమధ్య చదివినదాన్ని మళ్ళీ వినిపించడం సబ్ఖీ. ఎప్పుడో అయిపోయినదాన్ని వంతులవారీగా తిరగేస్తూ ఉండటం మంజిల్. కొత్త సబఖ్ ఎంత బాగా వచ్చినా సబ్ఖీ, మంజిల్ వినకుండా ఉస్తాద్ ముందుకి పోనివ్వడు. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో చదువు గురించి రాసినప్పుడు, ఉస్తాద్ రోజూ ఐదు చూడాలన్నాడు: అక్షరాలు, మాటల అర్థాలు, మిస్రా, బైత్, ఐదోది వెనకటి సబఖ్. పిల్లల్ని ఏళ్ళ తరబడి అక్షరాల దగ్గరే కూర్చోబెట్టి ఉమర్ వృథా చేస్తున్నారని కోప్పడినవాడే వెనకటి సబఖ్‌ని మాత్రం వదల్లేదు. వాళ్ళ అన్న ఫైజీ భాస్కరాచార్యుల లీలావతిని 1587లో ఫార్సీలోకి తెచ్చాడు. లెక్కలు ఆ ఇంటికి కొత్త కాదు.

1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని ముక్కలు తానే బట్టీ పట్టి, ఎన్ని గంటలకి ఎంత మరిచిపోతున్నాడో కొలిచాడు. నేర్చిన కొద్ది గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోతుంది, ఎడం ఇచ్చి మళ్ళీ మళ్ళీ చదివితే నిలుస్తుంది అని తేల్చాడు. మన మదరసా ఉస్తాద్ దగ్గర గ్రాఫ్ లేదు, సబ్ఖీ ఉంది.

ఇదే పహాడాకి వాడొచ్చు. రోజుకి మూడు ముక్కలు కొత్తవి, అంతకన్నా వద్దు. అదే సబఖ్. ఆ వారంలో చదివినవి సబ్ఖీ. అంతకుముందు పహాడాలు రోజుకొకటి మంజిల్. బళ్ళారి బడిలోలా రెండు పూటలు, పొద్దున స్కూల్‌కి పోయే ముందు, మగ్రిబ్ తర్వాత, ఐదేసి నిమిషాలు. నిలబడి, ఇద్దరు పిల్లలుంటే ఇద్దరూ కలిసి, గొంతెత్తి. పెద్దదానితో చిన్నదానికి చెప్పించండి. చెప్పేవాడికే ఎక్కువ యాద్ అవుతుంది. పాటలా చదవడంలో ఒక లోపం ఉంది. ఏడెనిమిదులు కావాలంటే పిల్లాడు ఏడొకట్ల నుంచి మెట్లన్నీ ఎక్కి రావాలి. అందుకు మందు దాదా దగ్గర ఉంది: వరుస తప్పించి అడగడం. ఒకరోజు కింది నుంచి పైకి, ఉల్టా.

పిల్లాడికి ఇంకొక సంగతి చెబితే సగం భయం పోతుంది. రెండు నుంచి తొమ్మిది దాకా ఎక్కాలంటే 64 ముక్కలు కనిపిస్తాయి. మూడు నాలుగులూ, నాలుగు మూళ్ళూ ఒకటే కాబట్టి నిజానికి 36. రెండో ఎక్కం రెట్టింపే. ఐదోది గడియారం ముల్లు నేర్పుతుంది. తొమ్మిదోదాంట్లో జవాబు రెండంకెలు కూడితే ఎప్పుడూ తొమ్మిదే. అవి తీసేస్తే 15. మూడు మూళ్ళు, నాలుగు నాలుగులు, ఆరార్లు, ఏడేళ్ళు, ఎనిమిది ఎనిమిదులు పిల్లలకి ఎందుకో త్వరగా పట్టుబడతాయి. అవీ పోతే మిగిలేవి పదే. మూడుని నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిదితో. నాలుగుని ఆరు, ఏడు, ఎనిమిదితో. ఆరుని ఏడు, ఎనిమిదితో. ఆఖరున ఏడెనిమిదులు. ఇంత గొడవా ఈ పది ముక్కల గురించే.

ఇక జబాన్ సంగతి. మా మహల్లాలో ఒక ఆపా ఉన్నారు. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివారు, గాజుల బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. డజన్ల లెక్క కాబట్టి బారా పహాడా ఆవిడకి ఊపిరి పీల్చినంత తేలిక. బారా అఠ్ఠే ఛియానవే అని నిద్రలో లేపినా చెబుతారు. వాళ్ళ అమ్మాయి ఇంగ్లీషు మీడియం. అమ్మాయికి ఇంట్లో పహాడే చదివిస్తుంటే, బడివాళ్ళు పిలిచి "మీ భాషలో చెప్పకండి, పిల్ల కన్‌ఫ్యూజ్ అవుతుంది" అన్నారట. ఆ రోజు నుంచి ఆవిడ నోరు మూసుకున్నారు. నెలకి ఇంత అని ట్యూషన్‌కి పంపిస్తున్నారు. ఆవిడ నాకు ఇది చెప్పింది ఫిర్యాదుగా కాదు, తనకేమీ రాదన్నట్టు చెప్పింది. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే.

రెండు జబానుల్లో లెక్క నేర్చినంత మాత్రాన పిల్ల చెడిపోదు. క్యాంప్‌బెల్ చూసిన జిల్లాలో తెలుగు ఎక్కాలు చదివిన పిల్లాడు మండీలో కన్నడం, మరాఠీ, దక్కనీ వింటూ బేరం చేసినవాడే. యాద్ అయిన జబాన్‌లో జవాబు ముందు వస్తుంది, ఇంకో జబాన్‌లోకి మార్చడానికి ఒక క్షణం పడుతుంది, అంతే తేడా. ఆ క్షణం పరీక్షలో ఖరీదనుకుంటే బడి భాషలో కూడా రెండో పూట ఒకసారి అనిపించండి. నేను ఆపాతో చెప్పింది కూడా అదే. పొద్దున ఇంగ్లీషులో, మగ్రిబ్ తర్వాత మీ జబాన్‌లో, గాజులు కట్టేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని. ఎనిమిది డజన్లు మూటకట్టాక ఎన్ని గాజులో ముందు పిల్లనే చెప్పనివ్వండి, తర్వాత మీరు చెప్పండి.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "బడివాళ్ళు అడిగితే?" అన్నారు. వాళ్ళు అడిగేది తొంభై ఆరేనా కాదా అని, ఏ జబాన్‌లో వచ్చిందని కాదు అన్నాను. కాసేపు ఊరుకుని, బుట్ట సర్దుకుంటూ, అమ్మాయిని కేకేసి అడిగారు: "బారా సత్తే?"

లోపలి నుంచి జవాబు రావడానికి కొంచెం సేపు పట్టింది. "ఎయిటీ ఫోర్."

"చౌరాసీ," అన్నారు ఆపా.